మా ఇంటికి రాని బుధవారం

ఒడిశాలోని బరంపురంలో మమ్మల్ని ఎవరూ నొప్పించలేదు. ఈ మాట ముందే చెప్పాలి, లేకపోతే ఇది చదివి ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళనుకుంటారు. మంచివాళ్ళు. ఆ మంచితనంతోనే నాకు ఊపిరాడకుండా చేశారు.

హైదరాబాదులో మేం వెళ్ళిన మందిరం మూడంతస్తులది. మాకు చోటు దొరికేది పైఅంతస్తులో. పాస్టరు గారిని తెర మీదే చూసేవాళ్ళం. పక్కన కూర్చున్నావిడతో వందనాలు చెప్పుకునేదాన్ని, మరుసటి ఆదివారం అక్కడ ఇంకొకావిడ ఉండేది. నాకు ఆపరేషనైనప్పుడు మందిరం నుంచి ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. మీ కోసం ప్రార్థిస్తున్నాం సోదరుడా, అని ఉంది అందులో. మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను పెరిగింది చిన్న సంఘంలో. ఒకరింట్లో జ్వరమంటే సాయంత్రానికి అందరూ వచ్చి చాప మీద కూర్చునేవారు. నాకు వాక్యం పట్టుబడింది ఆ చాపల మీదే. పెద్దవాళ్ళు చదువుతుంటే వింటూ, తప్పు చెబితే అందరి ముందూ చీవాట్లు తింటూ నేర్చుకున్నాను. సహవాసం లేని విశ్వాసం పొయ్యిలోంచి తీసి పక్కన పెట్టిన బొగ్గులాంటిదని నా నమ్మకం. కాసేపు ఎర్రగానే ఉంటుంది, తర్వాత ఆరిపోతుంది. నేను ఆరిపోతున్నానని భయం వేసింది. అందుకే మా ఆయన పనిచేసే మందుల కంపెనీకి బరంపురంలో ఖాళీ ఉందని తెలియగానే అడిగి మరీ బదిలీ వేయించుకోమన్నాను. అక్కడ తెలుగువాళ్ళ సంఘం ఉంది, చిన్నది, ఆప్యాయమైనది అని విన్నాను. విన్నది నిజమే.

గోసాని నువాగాంలో ఇల్లు తీసుకున్నాం. మొదటి ఆదివారం మమ్మల్ని లేచి నిలబడమని స్వాగత గీతం పాడారు. పూలగుత్తులిచ్చారు. అందరూ చాపల మీదుంటే మాకు ముందు వరుసలో రెండు కుర్చీలు వేశారు. నాకు కళ్ళు చెమర్చాయి. రెండో ఆదివారం కూడా కుర్చీలు వేశారు. మూడో ఆదివారం నేను ముందే వెళ్ళి చాప మీద కూర్చుంటే, ఎవరో పరుగున కుర్చీ తెచ్చి, నన్ను చెయ్యి పట్టి లేపి అందులో కూర్చోబెట్టారు. వేసవి వెళ్ళింది, వానలు వెళ్ళాయి, ఆ కుర్చీ నన్ను వదల్లేదు.

ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందు రోజున వెనక వంటచోట ఆడవాళ్ళు గుమ్మడికాయ, అరటికాయ తరుగుతూ ఉండేవారు. ఆ ముక్కలన్నీ వేసే పప్పు, దాల్మా, ఉడుకుతూ ఉండేది. నేను కత్తిపీట ముందు కూర్చుంటే దాన్ని నా ముందు నుంచి లాగేసేవారు. "మీరు కూకోండమ్మా, మా కుణియాలు" అనేవారు. కుణియా అంటే అక్కడి మాటలో ఇంటికొచ్చిన చుట్టం. చుట్టం ఎన్నాళ్ళుంటుంది? ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళిపోతుంది. ఆ మాట విన్నప్పుడల్లా నా సామాను ఎవరో సర్ది గుమ్మంలో పెట్టినట్టుండేది.

అన్నిటికంటే నన్ను దహించింది బుధవారం. ప్రతి బుధవారం సాయంత్రం ఒక విశ్వాసి ఇంట్లో ప్రార్థన ఉండేది. మమ్మల్ని తీసుకెళ్ళడానికి ఎవరో ఒకరు స్కూటరు వేసుకుని వచ్చేవారు. మొదటి గ్లాసు టీ మాకే. ప్రార్థన ముగిశాక సంఘ పెద్ద చుట్టూ చూసేవాడు. చాప మీంచి ఎవరో "వచ్చే వారం మా ఇంట్లో" అనేవారు. ఎవరిదో ఒకరి ఇల్లు. మాది ఎప్పుడూ కాదు. వచ్చిన కొత్తలోనే పాస్టరు గారికి చెప్పాను, మా ఇంట్లో కూడా పెట్టండి అని. మీకెందుకమ్మా శ్రమ అన్నాడాయన. సిటీ అలవాటు కొద్దీ, పేరు ఇచ్చాం కదా, వాళ్ళే వంతు చూసి చెబుతారని ఊరుకున్నాను. మిగతావాళ్ళకు వారం ముందే ఎవరో చెప్పి ఉంచుతారనుకున్నాను.

వంతు రాలేదు. ప్రభువుతో గొడవపడ్డాను. నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది కుర్చీలో కూర్చోబెట్టడానికా అని అడిగాను. మేం ఏం తప్పు చేశామో చూపించమన్నాను. అది ప్రార్థన కాదు, పోట్లాట. అలాంటిది కూడా ఆయన వింటాడని ఇన్నాళ్ళూ సండే స్కూలు పిల్లలకు బోధించినదాన్ని, కాబట్టి మానలేదు.

అలా ఉండగా కంపెనీ వాళ్ళు మా ఆయన్ని హైదరాబాదు వెనక్కి వస్తావా అని అడిగారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. ఆయనకు ఇక్కడ బాగానే ఉంది. రామయ్యపట్నం చేపలు రుచి మరిగాడు. కానీ నీ ఇష్టం అన్నాడు. వెళ్ళిపోదామని నోటిదాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నం సంఘ పెద్ద భార్య హుమ్మ ఉప్పుమళ్ళ నుంచి వచ్చిన ఉప్పు ఇవ్వడానికి మా ఇంటికి వచ్చింది. నేను అక్కా అని పిలుస్తాను. ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడి సంచి అందించి వెనక్కి తిరిగింది. నాకు ఒళ్ళు మండింది.

"మా ఇల్లు అంత అంటరానిదా అక్కా? ఇన్ని బుధవారాలు పోయాయి, ఒక్కసారి కూడా మా పేరు ఎందుకు చెప్పలేదు మీరు?"

ఆవిడ తెల్లబోయింది. "మేం సెప్పడమేటి? ఇల్లు ఎవలిదో ఆలే అనాల. మీ ఇంటికొచ్చి తింటామని కుణియాల్ని ఎలాగడుగుతాం సెల్లీ, మాకు సిగ్గు నేదేటి?"

"నేను పాస్టరు గారికి చెప్పాను."

"ఆయనకి సెవిలో సెప్తే ఏటి లాభం? అందరి ముందూ అనాల. మీరేమో తలుపుకి రెండు గడియలు, పైన జాలీ. బెల్లు కొడితే కన్నంలోంచి సూసి తీస్తావు. సిటీవోలు, మనుసులు ఇంట్లోకొస్తే ఇష్టం ఉండదనుకున్నాం."

ఆ కన్నంలోంచి చూస్తానన్నది నిజమే. కోపంలో నోరు జారాను. మాకు ఇష్టముందో లేదో ఇక అవసరం లేదు, ఆయన్ని హైదరాబాదు రమ్మంటున్నారు అన్నాను. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ బుధవారం ఇంకొకరింట్లో ప్రార్థన. ముగియగానే సంఘ పెద్ద చుట్టూ చూడకముందే లేచి, శనివారం సాయంత్రం మా ఇంట్లో, అన్నం కూడా మా ఇంట్లోనే అన్నాను. బుధవారం దాకా ఆగే ఓపిక లేదు నాకు. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

శనివారం జాలీ తలుపు తీసి పెట్టాను. హాలు నిండి, వంటగది నిండి, మెట్ల మీదా కూర్చున్నారు. ప్రతి ఒక్కరి చేతిలో ఏదో ఒకటి. అప్పడాల కట్టలు, ఆవకాయ జాడీ, ఒకావిడ పట్టుచీర కూడా తెచ్చింది. రైల్లో తినడానికని పొడి వేరే కట్టాను అంది ఒక ముసలమ్మ. అప్పుడు తెలిసింది. ఊరు వదిలివెళ్ళే కుటుంబం కూడా అక్కడ ఇలాగే ప్రార్థన పెట్టి అన్నం పెడుతుందట. ఆరు నెలలు పిలవని మేం ఇప్పుడు పిలిస్తే, హైదరాబాదు మాట అక్క నోట విన్నవాళ్ళు ఇంకేమనుకుంటారు?

కాదని చెబుదామనుకునేలోపే పాట మొదలైంది. పాట తర్వాత వాక్యం, వాక్యం తర్వాత అందరూ తల వంచారు. సంఘ పెద్ద ప్రార్థిస్తున్నాడు. "ప్రేమగల తండ్రీ, కొద్దికాలమే మా మధ్య ఉంచిన ఈ కుటుంబాన్ని నీ చేతులకప్పగిస్తున్నాము. వీరి ప్రయాణమంతటిలో నీవు తోడైయుండి..." చుట్టూ ముక్కులు చీదుకుంటున్నారు. సంఘం ఏకమనసుతో ఆమెన్ అంటే ఆ ప్రార్థన నెరవేరుతుందని నేను నమ్ముతాను. ఇప్పుడు ఆమెన్ అంటే మేం వెళ్ళిపోవాల్సిందే. పెద్దవాళ్ళు ప్రార్థిస్తుండగా మాట్లాడడం నా జన్మలో చేయలేదు.

"మేం వెళ్ళడం లేదు" అన్నాను గట్టిగా.

నేను కళ్ళు తెరవలేదు. సంఘ పెద్ద గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, ఈళ్ళు ఎల్లరంట" అన్నాడు. "మరి నువ్వే సూసుకో."

ఆమెన్ అన్నారందరూ. ఆ వెంటనే అక్క నా మీద విరుచుకుపడింది, ప్రార్థన మధ్యలో మాట్లాడతావేటి, సిన్నపిల్లవా అని. అన్నం ఎక్కడ పెట్టావని అడిగి, నేను చెప్పేలోపే మూతలన్నీ తీసి చూసి, సాంబారు చప్పగా ఉందని తేల్చేసింది.

మా ఆయన వంటగది గుమ్మంలో నన్ను ఆపాడు. ముఖం ముడుచుకుని ఉన్నాడు.

"నన్నొక్క మాట అడగొచ్చు కదా?"

"వ్యవధి ఎక్కడుందండీ" అన్నాను. "ఆయన ఆమెన్ అనేసేవాడు."