ఫైలు పైన నా పేరు

నోయిడాలో మా ఆఫీసు పని విదేశీ వైద్య పత్రికల వ్యాసాలను వెబ్ పేజీలుగా మార్చడం. వ్యాసం ఎక్స్ఎమ్ఎల్ రూపంలో వచ్చేది. అది పేజీలో ఎలా కనబడాలో ఎక్స్ఎస్ఎల్ స్టైల్‌షీటులో మేం రాసేవాళ్ళం. రెండువేల దశకం మధ్యలో నాకక్కడ నాలుగో ఏడు. కొత్త ప్రాజెక్టుకు టీమ్ లీడ్‌ని వేస్తారని తెలియగానే, ఢిల్లీ మునిర్కాలో నా అద్దె గదిలో, ఆ హోదా అప్పుడే వచ్చేసినట్టు తిరిగాను.

అంతలో దిగబడింది ఆ అమ్మాయి. మన తెలుగు నర్సమ్మ ఒకావిడ కూతురే, పుట్టిందీ పెరిగిందీ ఢిల్లీలో. చేరి ఆర్నెల్లు కాలేదు, ఎవరికి ఏ చిక్కు వచ్చినా దాని సీటు దగ్గరికే పరుగు. బాసు కూడా "ఉస్‌సే పూఛ్ లో", దాన్నే అడగండి, అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. దాని డబ్బాలో గోంగూర పచ్చడి వాసన కూడా నాకు గిట్టేది కాదు.

లీడ్‌ని ప్రకటించాల్సిన వారం నా పేజీల్లో ఒక తప్పు తేలింది. చిన్న విభాగం శీర్షిక, దానికి పేరెంట్ అయిన పెద్ద విభాగం శీర్షిక ఒకటే అయితే రెండోసారి కనబడకూడదు. రెండింటినీ పోల్చి, వేరైతేనే చూపించమని రాశాను. పేరెంట్‌కి గుర్తు రెండు చుక్కలు. అవే పెట్టాను. అయినా "పరిచయం" కింద మళ్ళీ "పరిచయం". రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను గానీ, దాన్ని అడగడానికి మనసొప్పలేదు.

అడక్కుండానే వచ్చి నా స్క్రీన్ చూసింది.

"దీదీ, ఒట్టి రెండు డాట్లు పెడితే పేరెంట్ లోపలున్న టెక్స్ట్ సారా కా సారా, మొత్తం వచ్చేస్తుంది కదా. అంత పొడుగుదానితో చిన్న టైటిల్ ఎలా మ్యాచ్ అవుతుంది? డాట్ల తర్వాత స్లాష్ పెట్టి టైటిల్ అని రాయండి, బస్, అంతే."

రాశాను. తప్పు పోయింది. అది ఎంత తేలిగ్గా చెప్పిందో చూసి ఉడుక్కోవడంలో, ఏం చెప్పిందో నా చెవికెక్కలేదు. సరిచేసినవాళ్ళు ఫైలు పైన తమ పేరు రాయాలని మా ఆఫీసులో నియమం. నా పేరు రాశాను.

సాయంత్రం మీటింగులో బాసు ఆ ఫైలు తెర మీద వేశాడు. నన్ను మెచ్చుకుని, అసలు తప్పెక్కడుందో అందరికీ వివరించమన్నాడు. లేచి నిలబడ్డాను. తెర మీదున్న ఆ లైనునే మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను.

"సర్, దీదీ పొద్దున్నే నాకు సమ్‌ఝాయించారు. సరిగ్గా అర్థమైందో లేదో, నేను చెప్పి చూడనా?" అని వెనక నుంచి లేచింది అది. పూసగుచ్చినట్టు చెప్పి, "ఠీక్ హై నా, దీదీ?" అని నన్నే అడిగింది. నేను తలూపాను.

లీడ్ పదవి నాకే వచ్చింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అదే. అంతటితోనైనా నా కుళ్ళు చల్లారాలి. చల్లారలేదు. అప్పటిదాకా దాని తెలివికే ఏడ్చేదాన్ని, ఆ రోజు నుంచి దాని మంచితనానికి కూడా ఏడ్చాను.

ఆ ఫైలు పైన నా పేరు చెరిపి దాని పేరు రాయడానికి ఒక్క నిమిషం చాలు. లీడ్‌గా ఉన్న రెండేళ్ళలో ఎన్నిసార్లు తెరిచానో ఆ ఫైలు. పేరు మాత్రం మార్చలేదు.