ఆగిన ఆటోల లెక్క

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, పత్తి ఏరే రోజుల్లో, నన్ను గూడూరు సెక్షన్‌కు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఏడో తరగతి చదువుతో హెల్పర్‌గా చేరి, స్తంభాలెక్కుతూ అంతవరకు వచ్చినవాణ్ణి. వెళ్లిన వారానికే మండలానికి ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్ కేంద్రం ఒకటి మంజూరైంది. ఒక్కటే. స్థలం మేం చూపాలి.

సర్వేవాళ్లు రోడ్డు మీద వచ్చిపోయే బండ్లను లెక్కించి బస్టాండు బాగుందన్నారు. అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కొత్తది కాబట్టి నేనూ సంతకం పెట్టాను.

మర్నాడే బుజ్జి ఆఫీసుకు వచ్చింది. తండా నుంచి పత్తి కూలీలను బ్యాటరీ ఆటోలో చేన్లకు తోలే మనిషి.

"బస్టాండుల పెడితే నాకేం ఫాయిదా బాపూ? పొద్దుగాల కూలోళ్లను చేన్లకాడ దింపి పొద్దూకెదాక ఆడనే ఉంట. ఇంట్ల ఎక్కించిన ఛార్జింగు పోయేటందుకే సరిపోతది. నిన్న వాపస్ వచ్చేటప్పుడు ఆడోళ్లంత దిగి ఆటోను నూకిన్రు. గిట్లయితే ఎవలెక్కుతరు? ఆటో అమ్మి నేను గూడ కూలికి పోవుడే."

ఆటో ఎక్కడ ఆపుతావని అడిగాను. మూతబడ్డ రైస్‌మిల్లు దగ్గర, అందరూ అక్కడేనంది. ఆ మిల్లుకు పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కించిన రోజు నాకు బాగా గుర్తు. హెల్పర్‌గా ఈ సెక్షన్‌లోనే ఉన్నప్పుడు తాడు లాగింది నేనే. మిల్లు పోయింది, అది మిగిలింది.

సెక్షన్ అధికారి ఏఈ మేడంకు చెబితే నవ్వారు. "మీ యాదిని ఫైల్ల పెడ్తానా అన్నా? లెక్క తెండి."

వారం రోజులు బుజ్జి ఆటోలోనే వెళ్లాను. గంటకోసారి మిల్లు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టాంగ్ టెస్టర్‌తో లోడు చూసేవాణ్ణి. తీగ చుట్టూ పట్టిస్తే ఎంత కరెంటు పారుతోందో చెప్పే మీటరు అది. ఏ ఆటో ఎప్పుడు ఆగింది, ఎప్పుడు కదిలింది అన్నీ నోటుబుక్కులో రాశాను. ఆ తర్వాత ఒకరోజు బస్టాండులో కూర్చుని అక్కడి ఆటోల లెక్కా రాశాను.

మిల్లు పక్క చేనులోని ఆడవాళ్లు ఊరుకుంటారా! "గంటకో గీత గీసేటందుకు జీతమా బాపూ? నడుమ జర పత్తి ఏరరాదు?" అంటూ నా నడుముకు పత్తి వేసుకునే ఒడి కట్టారు. సాయంత్రం నా ఒడి విప్పి చూసి పకపకా నవ్వారు. "మస్తు ఏరిండు, కాయలతోని సహా!"

లెక్కలో తేలింది ఇది. బస్టాండులో ఏ ఆటో కూడా జనం నిండేదాకా తప్ప ఆగదు. మిల్లు దగ్గర పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగే ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్‌పై పగటి లోడు నామమాత్రం. నా మొదటి అభిప్రాయం తప్పని రాసిచ్చి, ఈ లెక్క కాగితాలు జతచేశాను. మేడం పైకి పంపారు. పత్తి ఏరడం పూర్తికాకముందే కేంద్రం మిల్లు దగ్గర వచ్చింది. ఆ సాయంత్రం బుజ్జి ఆటోను ఎవరూ నూకలేదు.

ఛార్జింగ్ ఎక్కేది ఆగిన బండికి. కాబట్టి ఏ బండి ఎక్కడ, ఎంతసేపు ఆగుతుందో రాయాలి. ఆ లెక్క రోడ్డు పక్కన నిలబడితే దొరకదు. కూలీలతో పాటు ఎక్కి, వాళ్లు దిగిన చోట దిగాలి.