తీగ పీకినప్పుడు నేను మాట్లాడలే

ఫోన్ల మాట నడుమల్నే తెగిపోతే మళ్ల మొదటినుంచి చెప్పుకునుడు అలవాటైన దినాలు అవి. మామూలుగనే నాది వొడువని నోరు. నెత్తిమీద నీళ్లబిందె ఉన్నా నిలవడి ముచ్చట పెట్టేదాన్ని. మా అన్న నన్ను రేడియో అనేటోడు (బాపు మాత్రం, రేడియోనైతే బంద్ జెయ్యొచ్చు గదరా అనేటోడు).

అన్న మానుకోటల ఒక ఇంటర్నెట్ ఆఫీసుల టెంపరరీ. జనగామ నుంచి పెద్దసారు వచ్చి పరీక్ష చూస్తడు, నెగ్గితే నౌకరి పక్కా, లేకుంటే ఇంటికే. ఆ పనేందో అన్నం తినుకుంట మాకు చెప్పిండు. ఇక్కడి మాట భూపాలపల్లికి పోవుటానికి కంప్యూటర్ల ఒక తొవ్వ రాస్తరట, దాన్ని టన్నెల్ అంటరట (మా చిన్నాయినది అక్కడ బొగ్గుబావి పని, నేను గదే అనుకున్న). జేసీబీ తగిలి తీగ తెగిందనుకో, జనగామ మీదికెల్లి చుట్టు తిరిగిపోయే ఇంకో తొవ్వ ముందుగల్లనే సిద్ధం జేసి పెట్టిండట. "తెగినంక దేవులాడుడు లేదు. రెప్పకొట్టేలోపల మాట అటు మర్లుతది" అన్నడు. "మర్లకుంటే?" అన్నడు బాపు. అన్న ముద్ద కలుపుడు ఆపిండు.

మాట తెగుతదా లేదా చూసేటందుకు, తను తీగ పీకేటప్పుడు ఆగకుండ మాట్లాడే మనిషి కావాలన్నడట సారు. "మా చెల్లె ఉన్నది సార్" అన్నడు అన్న, జర గర్వంగనే. అవతల భూపాలపల్లి ఆఫీసుల మా చిన్నమ్మను కూసోవెట్టిండ్రు. ఇవతల నేను, కొత్త చీరె గట్టుకొని. అందరికి వినవడేటట్టు ఫోన్ బల్లమీద పెట్టిండ్రు. మామిడికాయ తొక్కుల ఉప్పు ఎక్కువైన కాడికెల్లి మొదలువెట్టి ఎదురింటి బర్రె ఈనిన ముచ్చట దాక వచ్చిన. సారు వంగి, "పీకుతున్న" అన్నడు.

నేను టక్కున నోరు మూసుకున్న.

ఫోన్లకెల్లి చిన్నమ్మ మాట గూడ రాలే. సారు తీగ చేతుల పట్టుకొని, "పోయింది గదయ్యా" అన్నడు మెల్లగ. అన్న మొఖం సున్నం కొట్టినట్టయింది. అప్పుడు ఫోన్లకెల్లి చిన్నమ్మ, "ఏందే, సప్పుడు జేస్తలేవు? బర్రె దూడ ఆడిదా మగదా చెప్పకపోతివి" అన్నది.

సారు చేతుల తీగను చూసిండు, ఫోన్‌ను చూసిండు, నన్ను చూసిండు. "నువ్వెందుకు ఆగినవమ్మా?"

"తొవ్వ మారేటప్పుడు మాట్లాడితే మాటలు నడుమల కిందవడ్తయి గద సార్. మర్లినంక చెప్తమని ఆగిన."

సారు కుర్చీల కూలవడి నవ్విండు. అన్న నవ్వలే, సారు చేతులకెల్లి తీగ తీసుకున్నడు. తీగ మళ్ల పెట్టి, ఇంకోసారి పీకిండ్రు. ఈసారి నేను ఆగలే. పరీక్ష అయిపోయినంక కూడ ఆగలే, అన్ననే వచ్చి ఫోన్ పెట్టేసిండు.

ఇప్పుడు అన్న జనగామల, పెద్దసారు ఆఫీసులనే, పక్కా నౌకరి. చిన్నమ్మకు మతిమరుపు వచ్చింది. ఫోన్ల మాట్లాడుకుంట మాట్లాడుకుంట చెప్పేది మరిచి ఊకుంటది. "లైన్ తెగినట్టున్నది, పెట్టెయ్" అంటడు మా ఇంటాయన. నాకు కొత్త చీరెల ఊపిరి బిగవట్టుకొని కూసున్న ఆ పిల్ల యాదికొచ్చి నవ్వొస్తది. ఫోన్ చెవికాడనే పెట్టుకొని ఆయనతోని అంట, "తెగలే. తొవ్వ మర్లుతున్నది, జర ఆగు."