తుమ్మచెక్కలో ఉడికిన వాలీబాల్ వల

నేను మంగినపూడి దగ్గర పల్లెపాలెంలో బడిపంతుల్ని, కుర్రాళ్ళ వాలీబాల్ క్లబ్బుకి కార్యదర్శిని. పోయిన నెల గవర్నమెంటు గ్రాంటు కింద తెల్లటి కొత్త వల వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నది నేనే. నాకు చెప్పకుండా, చేపల వేటకెళ్ళే ఆటగాళ్ళ నాన్నలు దాన్ని తుమ్మచెక్క, అంటే తుమ్మ బెరడు, వేసిన ఎర్రటి నీళ్ళలో ఉడకబెట్టేశారు. ఇక్కడ ఏ కొత్త చేపల వలనైనా అలా చేశాకే వాడతారు.

ఈ రోజు సమితి ఆఫీసరుగారు తనిఖీకి జీపులో వచ్చారు. గుంజలకు కట్టిన తుప్పు రంగు వలని చూసి, "మేమిచ్చింది తెల్లది కదా పంతులుగారూ. అది అమ్మేసి పాతది కట్టారా?" అన్నారు.

నా ఉద్యోగం సరే, పిల్లల్ని బందరు పోటీలకు పంపడానికి ఇస్తామన్న సాయం కూడా పోతుందని భయమేసింది.

మా జట్టు కెప్టెన్ తండ్రి పోలయ్య ముందుకొచ్చాడు. "అదే వలండి. ఉడకబెట్టకపోతే ఉప్పుగాలికి నెల్లాళ్ళలో చివికిపోద్దండి."

ఆఫీసరుగారు వలని రెండు చేతులతో గట్టిగా లాగి చూశారు. జీపులోంచి ఇంకో తెల్ల వల తీసి నా చేతుల్లో పెట్టారు. "ఇది పక్క ఊరి క్లబ్బుది. దీన్నీ ఉడకబెట్టి ఉంచండి" అన్నారు. వల ఇచ్చినట్టు కాగితం రాసిమ్మని అడిగేలోపే జీపు కదిలింది.

ఇప్పుడు ఆ వల మా మంచం కింద ఉంది. రేపు ఇంకో ఆఫీసరు వచ్చి, పక్క ఊరి వల నీ ఇంట్లో ఎందుకుందని అడిగితే ఏం చూపించను? పోలయ్యేమో పొయ్యి రాజేసి, వల తెమ్మని కబురు మీద కబురు పంపుతున్నాడు. మీరైతే ఉడకబెడతారా, చెప్పండి.