పేర్లు రాసిన చెయ్యి

ఏడేళ్లుగా నా తప్పును ఇంకొకరి మీద మోపి బతుకుతున్నాను. అతనికి ఆ సంగతి ఇన్నాళ్లూ తెలియదు. మొన్నమొన్నటిదాకా నేను ఎదురుపడితే బండి ఆపి, దిగి, నమస్తే పెట్టేవాడు. అతను దిగిన ప్రతిసారీ పనుందని చెప్పి కదిలిపోయేవాణ్ణి. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్నెరుగరు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

అప్పట్లో సూర్యాపేటలో ఒక మార్కెటింగ్ సంస్థ ఆఫీసు చూసేవాణ్ణి. టైర్ల దుకాణం మీద రెండు గదులు. మాది బీమా కంపెనీ కాదు, కంపెనీలకూ ఏజెంట్లకూ మధ్యన ఉండేవాళ్లం. ఏజెంట్లు మా దగ్గర జీతగాళ్లు కారు, ఎవరి పని వాళ్లదే. పాలసీ తీసుకునేలా ఉన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు దొరికితే దాన్ని లీడ్ అంటారు. ఏజెంటుకు అదే ప్రాణం. ఎవరైనా తిరిగి తిరిగి సంపాదించుకున్న లీడ్లు మా దగ్గర రాయిస్తే, ఆ ఇళ్లకు మా తరఫున ఇంకొకరు వెళ్లకుండా చూసే పూచీ నాది. ఇది ఏ కాగితం మీదా లేదు. నేను నోటితో ఇచ్చిన మాట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏజెంట్లు ఆ మాట మీదే నడిచేవాళ్లు.

వాళ్లలో నాగమణిది కోదాడ. ఇంట్లో మిషన్ కుట్టేది. భర్త లారీ డ్రైవరు. సక్రు నాయక్‌ది దామరచర్ల దగ్గర ఒక తండా. ఇద్దరూ ఒకే రోజు ట్రైనింగుకు వచ్చారు. ఆమె మాటకారి, కానీ రాత కుదరదు. అతనికి మాట తక్కువ, చేతిరాత ముత్యాలకోవ. అక్కా అని పిలిచేవాడు. తండాలో ఆడవాళ్లతో మాట్లాడాల్సి వస్తే ఆమె బస్సెక్కి దామరచర్ల పోయేది. కోదాడలో ఫారాలు నింపాల్సి వస్తే అతను వచ్చేవాడు. మీటింగుల్లో వాళ్లిద్దరినీ చూపించి, ఇట్లా ఉండాలి అని మిగతావాళ్లకు నేనే చెప్పేవాణ్ణి.

ఒక ఎండాకాలమంతా నాగమణి కోదాడలోనూ చిలుకూరులోనూ యాక్సిడెంట్ పాలసీల కోసం లారీ డ్రైవర్ల ఇళ్లు తిరిగింది. ఆ ఇళ్లలో యాక్సిడెంట్ అనే మాట ఎవరూ పలకరు. పలికితే వచ్చి కూర్చుంటుందని భయం. ఆమెదీ అలాంటి ఇల్లే కాబట్టి ఆ మాట ఎత్తకుండానే మాట్లాడేది. ఇంటికి ఆసరా అనేది, పిల్లల చదువు అనేది. మీ నంబరు నా దగ్గరే ఉంటుంది, ఇంకొకళ్లు ఫోన్ చెయ్యరు అని ఒక్కొక్కరికీ చెప్పి పేర్లు తీసుకుంది. ఆమె చెబుతుంటే సక్రు రాశాడు. రెండు నోటుబుక్కులు నిండాయి. ఆమె వాటిని తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు మెచ్చుకున్నాను. మనస్ఫూర్తిగానే మెచ్చుకున్నాను. ఆ మెచ్చుకున్న నేనూ తర్వాతి నేనూ ఒకరేనా అని ఇప్పటికీ అనుమానం వస్తుంది. ఒకరే.

మిర్యాలగూడలో మాకొక పెద్ద ఏజెంటు ఉండేవాడు. ఫోన్లు చేయడానికి అమ్మాయిలను పెట్టుకున్నాడు. మీరిచ్చే లీడ్లన్నీ చెత్త, మంచివి ఇవ్వకపోతే నా మనుషులందరినీ తీసుకుని ఇంకో సంస్థకు పోతానన్నాడు. అతన్ని వదులుకోవద్దని పైవాళ్లు గట్టిగా చెప్పారు. ఎలా ఆపాలో చెప్పలేదు. నాగమణి పుస్తకాలు నా బీరువాలో ఉన్నాయి. పొద్దున పదకొండు గంటలకు, టీ తాగుతూ, ఒక్కో పేజీ ఫోటో తీసి అతనికి పంపాను. నన్నెవరైనా బెదిరించారా? లేదు. కాదనలేనంత కష్టంలో ఉన్నానా? అదీ లేదు. కుర్చీ కదలకుండా ఉంటే చాలనుకున్నాను, అంతే.

పది రోజుల్లో ఆ ఇళ్లకు ఫోన్లు మొదలయ్యాయి. చిలుకూరులో ఒక ఆవిడ భర్త లోడుతో నాగపూర్ దారిలో ఉన్నాడు. ఫోన్ చేసిన అమ్మాయి కాగితం చూసి గడగడా చదివింది. ఈమెకు వినిపించింది భర్త పేరు, యాక్సిడెంట్ అన్న మాట. ఆ రెండే. ఫోన్ పారేసి చంటిదాన్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తిందట. భర్తకు చేస్తే సిగ్నల్ లేదు. మధ్యాహ్నం దాటాక అతనే ఫోన్ చేశాడు, ధాబాలో అన్నం తింటున్నానని. అప్పటిదాకా ఆ వాడంతా ఆమె చుట్టూ కూర్చునే ఉంది.

మర్నాడు ఆ ఆడవాళ్లంతా నాగమణి ఇంటికి వెళ్లారు. మా నంబర్లు అమ్ముకున్నావా అని అడిగారు. ఆ మర్నాడు ఆమె నా దగ్గరికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“సార్, ఒక్క మాట నిజం చెప్పండి. మా వాళ్ల నంబర్లు ఇక్కడి నుంచి బయటికి పోయినయా?”

“గదేం మాటమ్మా? గీడికెల్లి ఎట్ల పోతయి?”

“మరెట్లా పోయినయి సార్? ఆ పుస్తకాలు మీకు తప్ప ఎవరికీ చూపించలేదు నేను.”

కిటికీలోంచి రోడ్డు చూశాను. అప్పుడన్నాను:

“పేర్లు రాసిన చెయ్యి ఎవరిది?”

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపింది.

“సక్రు అట్లాంటోడు కాదు సార్.”

“నేను గట్లన్ననా? ఇంటికి పోయి నువ్వే జర సోంచాయించు.”

అంతే. ఇద్దరి మధ్య నేను పెట్టింది ఒక్క ప్రశ్న. అతను ఇచ్చాడని నేను అనలేదు కదా అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ అబద్ధం చెప్పి ఉంటే ఆమె ఎప్పుడో ఒకప్పుడు నన్ను నిలదీసేది. ప్రశ్నను ఎవరు నిలదీస్తారు? జవాబు ఆమెతోనే చెప్పించాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అనుమానం పెట్టడానికి నాకు సక్రే ఎందుకు దొరికాడు? రాసింది అతనే కాబట్టి, అని ఒక సమాధానం ఉంది. తండావాడి తరఫున మాట్లాడేవాళ్లు ఎవరూ రారని లోపల ఎక్కడో నాకు తెలుసు. అదీ సమాధానమే. రెండోది ఒప్పుకోవడానికి మొదటిదానికంటే ఎక్కువ ఏళ్లు పట్టింది.

నాగమణి ఏజెన్సీ మానేసింది. లారీల వాళ్ల ఇళ్ల నుంచి ఆమెకు కుట్టుపని కూడా రావడం ఆగిపోయింది. సక్రుతో మాట్లాడలేదు, కారణమూ చెప్పలేదు. అతను ఒకటి రెండుసార్లు ఆఫీసుకు వచ్చి, అక్కకు కోపమెందుకని నన్నే అడిగాడు. ఏమోనయ్యా అన్నాను. కొన్నాళ్లకు అతనూ మానేసి వాళ్ల ఊరి దగ్గరి పవర్ ప్లాంట్‌లో కాంట్రాక్టు పనికి కుదిరాడు. మిర్యాలగూడ ఏజెంటు ఆ ఏడాది తిరగకుండానే తన మనుషులతో వేరే సంస్థకు వెళ్లిపోయాడు. నేను కాపాడుకున్న కుర్చీ ఇంకో రెండేళ్లు ఉంది.

పోయిన నెల కళ్లు చూపించుకోవడానికి మిర్యాలగూడ దవాఖానకు వెళ్లాను. వరండాలో సక్రు, అతని భార్య. లేచి నాకు చోటిచ్చాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక మెల్లగా అన్నాడు:

“సార్, నాగమణక్క మంచిగున్నదా? మా బిడ్డ పెండ్లికి పిలువనీకి పోయిన. తలుపు తియ్యలే. కార్డు తలుపు సందుల పెట్టొచ్చిన. నేనేం తప్పు జేసిన్నో ఇప్పటికీ తెల్వది.”

అప్పుడైనా చెప్పొచ్చు. పక్కనే అతని భార్య ఉంది. నర్సు నా పేరు పిలిచింది. లేచి వెళ్లిపోయాను. డాక్టర్ అక్షరాలు చదవమంటే చాలాసేపు ఏమీ చదవలేకపోయాను.

నాలుగు రోజుల తర్వాత కోదాడ వెళ్లాను. నాగమణి మిషన్ మీద ఉంది. గడపలోనే నిలబడి అంతా చెప్పాను, టీ తాగుతూ ఫోటోలు తీసిన సంగతితో సహా. మిషన్ ఆపింది. కోపపడుతుందనుకున్నాను. చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టింది.

“పెళ్లికార్డు విప్పను కూడా విప్పలేదు సార్ నేను” అంది.

తర్వాత అడిగింది, “ఏడేళ్లు ఎట్లా ఊరుకున్నారు?”

“ఇంక మీరు వెళ్లండి” అంది. వెళ్లాను. సూర్యాపేట బస్సులో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే నిద్రపోయాను. కండక్టర్ లేపితే దిగాను. అంత నిద్ర ఈ మధ్య ఎరగను. దానికి సిగ్గు కూడా వేసింది.

ఆ సాయంత్రమే సక్రుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. రోజూ చేస్తున్నాను, ఎత్తడం లేదు. ఆమె చెప్పిందనుకుంటాను. వాళ్లిద్దరూ మళ్లీ మాట్లాడుకుంటున్నారో లేదో నాకు తెలియదు, తెలుసుకునే హక్కూ లేదు. దామరచర్ల వెళ్లి అతని ముందు నిలబడాలి, వెళతాను. అతను లోపలికి రమ్మంటాడన్న ఆశతో మాత్రం కాదు. ఈలోపు ఏడేళ్లు నోట్లో ఆపుకున్న మాటను ఇక్కడ రాస్తున్నాను. ఆ పేర్లు బయటికి ఇచ్చింది నేను. సక్రు కాదు.