డొంక దారి చెప్పింది బావ కాదు

పోయిన నెల ఒక పొద్దున మాచర్ల నుంచి బావ భార్య ఫోన్ చేసింది. "అన్నయ్యా, మీ బావ పోయాడు" అంది. అంతే. గొంతులో ఏడుపు కూడా లేదు. ఏళ్లుగా దగ్గుతూనే ఉన్నాడు. నాపరాళ్ల క్వారీలో అన్నేళ్లు పీల్చిన దుమ్ము ఊరికే పోతుందా?

బావ అంటే చుట్టరికమేమీ లేదు. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్లో ఎదురింటివాడు, నాకంటే రెండేళ్లు పెద్ద. వరస కలుపుకుని ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. నరసరావుపేటలో కాలేజీకి రోజూ కలిసి సైకిళ్ల మీద పోయేవాళ్లం. ఎక్కేముందు ప్రతిసారీ రెండు టైర్లూ బొటనవేలితో నొక్కి చూసేవాడు. తనవి అయ్యాక నావి కూడా. ఎదురుగాలి కొడితే నేను పంతానికి పోయి తొక్కేవాణ్ణి. తను మాత్రం "దిగి నడిస్తే పరువేం పోద్ది బావా?" అని నవ్వుతూ దిగేవాడు.

ఎనభైల్లో ఒక డిసెంబరు. నాలుగు రోజులు పట్టిన తుఫాను ముసురు అప్పుడే తెరిపిచ్చింది. నేను, బావ, మా ఊరి శీను కలిసి నరసరావుపేటలో సెకండ్ షో చూసి బయటపడ్డాం. చలికి పళ్లు టకటకలాడుతున్నాయి. రోడ్డున పోదామన్నాడు బావ. పొలాల మధ్య అడ్డదారిన, బండ్ల డొంకలో పడి పోదామన్నది నేను. నాన్న లేచేలోపు ఇంట్లో ఉండాలని నా తొందర.

"నాలుగు రోజులు తడిసిన నల్లరేగడి బావా. సైకిల్ మనల్ని మొయ్యదు, మనమే దాన్ని మొయ్యాల" అన్నాడు. నేను వినకుండా సైకిల్ తిప్పేశాను. నన్నొక్కణ్ణే వదల్లేక ఇద్దరూ వెనకే వచ్చారు.

అర ఫర్లాంగు పోయామో లేదో, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి కూరుకుపోయింది. చక్రం తిరక్కపోతే డైనమో లైటు వెలగదు. కళ్లు పొడుచుకున్నా ఏమీ కనపడని చీకటి. పుల్లతో మట్టి గీకడం, పది అడుగులు వెయ్యడం, మళ్లీ గీకడం. చివరికి సైకిళ్లు భుజాలకెత్తుకున్నాం. శీను చెప్పు ఒకటి బురదలో దిగబడి మళ్లీ దొరకలేదు. "రెండోది కూడా ఇచ్చెయ్ రా, జత విడదియ్యకూడదు" అన్నాడు బావ. ముగ్గురం పడీ పడీ నవ్వాం. అంతగా నవ్విన రాత్రి నా జీవితంలో ఇంకోటి లేదు.

వాగు దిగేచోట నేను జారాను. సైకిల్ వచ్చి కుడిచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బావ తన సైకిల్ తుమ్మల్లో పడేసి, మఫ్లరు విప్పి నా చెయ్యి మెడకు కట్టాడు. నన్ను వీపున వేసుకుని నడుములోతు నీళ్లలో వాగు దాటాడు. "కళ్లు మూయమాకు బావా, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉన్నాడు ఇల్లు చేరేదాకా.

ఊళ్లోకి రాగానే శీను వాళ్లింటికి మళ్లాడు. మా వాకిట్లో నాన్న నిలబడి ఉన్నాడు. వణుకుతున్న బావ వంక చూడకుండా నన్నే అడిగాడు. "ఏందిరా ఇది? ఈ బురదలో డొంకలోకి తీసకపోయిందెవడు?"

నాన్నంటే నాకు చచ్చేంత భయం. "బావే" అన్నాను. బావ కాదనలేదు.

తను పనిచేసే పత్తి మిల్లులో, అప్పటికే చదువైపోయిన బావకు గుమాస్తా పని ఇప్పిస్తానని నాన్న అంతకు ముందే మాటిచ్చి ఉన్నాడు. "బుద్ధిలేనోడికి నేను పూచీ పడను" అని ఆ పని ఇంకొకరికి ఇప్పించాడు. రెండు నెలలు చూసి బావ క్వారీ పనికి మాచర్ల వెళ్లిపోయాడు.

నా చెయ్యి అతుక్కుంది. చదువైంది, ఉద్యోగమొచ్చింది. నాన్నతో నిజం చెబుదామని ఎన్నోసార్లు దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. వేరే ఏదో మాట్లాడి లేచి వచ్చేవాణ్ణి. బావ పేరెత్తితే ఆయన చివరిదాకా మొహం తిప్పుకునేవాడు. అలాగే పోయాడు.

మాచర్లలో ఎప్పుడు కలిసినా బావ మొదట అడిగేది ఒకటే. "ముసురు పడితే చెయ్యి లాగుద్దా బావా?" అడిగి, పక్కకు తిరిగి దగ్గేవాడు. ఏమీ లేదని చెప్పి నేను బస్సెక్కేసేవాణ్ణి. ఆ దగ్గు వినడం నా వల్ల అయ్యేది కాదు.

పదకొండో రోజున జనం వెళ్లిపోయాక బావ భార్యకు అంతా చెప్పాను. గోడకానుకుని కూర్చుంది, నా వైపు చూడలేదు. "నాకు ఎప్పుడో చెప్పాడులే అన్నయ్యా" అంది. మళ్లీ తనే, "చెప్పాల్సింది నాకా? మీ నాయన ఉన్నప్పుడు చెప్పాల" అంది.

నాన్నా లేడు, బావా లేడు. అందుకే సిగ్గు విడిచి ఇక్కడ మీ అందరికీ చెబుతున్నాను.

కళ్లు మూసుకుంటే ఆ తెల్లవారుజామే కనిపిస్తోంది. నాన్న బావను తిట్టాల్సినంత తిట్టి లోపలికి తిరిగాడు. బావ వీధిలోకి నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి చూసి, అరచెయ్యి చెంపకానించి తల వాల్చాడు. పోయి పడుకోమని నాకు సైగ.