రాడ్డు దాచిపెట్టిన ఎడమ చెయ్యి

మామిడితోట పని మానేసిన ఏడాది నుంచి నా జడ మా ఆయనే వేస్తున్నాడు. ఎడమ చెయ్యి తనంతట తాను భుజం దాటి పైకి లేవదు. లేపబోతే లోపల ఏదో పట్టుకుని ఆపేస్తుంది, నొప్పి మెడ దాకా పాకుతుంది. కుడి చేత్తో జుట్టు పట్టుకోగలను. కానీ అల్లడానికి రెండో చెయ్యి కూడా తల వెనక్కి వెళ్లాలి కదా.

నూజివీడులో మాది ఒకే గది ఇల్లు. లోపల వెలుగు చాలదని ఆయన నన్ను వాకిట్లో మెట్టు మీద కూర్చోబెట్టి దువ్వేవాడు. వయసులో ఉండగా మామిడి లారీలకు తాళ్లు బిగించినవాడు. నా జుట్టునూ అలాగే బిగించేవాడు. సాయంత్రం విప్పుకోవాలంటే ప్రాణం పోయేది.

"అన్నయ్యా, వదినకయ్యాక ఇటు కూడా రా. మా పిల్లలిద్దరికీ బడి టైమైంది" అనేది ఎదురింటావిడ.

"వస్తానమ్మా, ముందు టీ పెట్టు" అనేవాడు ఈయన.

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేను మాత్రం గడ్డం గుండెకానించి నేల చూసేదాన్ని. ఆయనకది ఉదయం పూట ఒక పని. నాకు మాత్రం నలుగురి ముందూ బట్టలు మార్చుకుంటున్నట్టు ఉండేది. మళ్లీ నా జడ నేను వేసుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది.

ఆస్పత్రిలో డాక్టరుగారు మాత్రలిచ్చి, అది తెలిసినవాళ్ల దగ్గర భుజానికి మెల్లగా వ్యాయామం నేర్చుకోమన్నారు. అప్పటికే నేను ఒక జిమ్ములో ఊడ్చే పనికి కుదిరాను. ఎరువుల కొట్టు పైన మేడ మీద ఉంటుంది అది. పొద్దున పది తర్వాత కాసేపు ఆడవాళ్లకే. కొట్లవాళ్ల ఇళ్లలోంచి, మామిడి వ్యాపారుల ఇళ్లలోంచి వస్తారు. వాళ్లకు నేర్పే అమ్మాయి మైలవరం నుంచి బస్సులో వస్తుంది. అందరూ మేడం అంటారు, నేనూ అలాగే అంటాను. వ్యాయామం తెలిసిన మనిషి కళ్లెదుటే ఉన్నా నా భుజం సంగతి ఆమెకు చెప్పలేదు. చెయ్యి లేవని మనిషిని పనిలో ఉంచుకుంటారా అని భయం.

ఒకరోజు ఒక వ్యాపారిగారి కోడలు రాడ్డు పైకెత్తుతోంది. బరువు ప్లేట్లేమీ తగిలించని ఖాళీ ఇనప రాడ్డే. నుదుటి దాకా వచ్చి చేతులు వణికిపోయాయి.

"నా వల్ల కాదండీ మేడం" అని దించేసి, అక్కడే ఊడుస్తున్న నావైపు తిరిగింది. "ఏమ్మా, నువ్వెత్తుతావా? నీ చీపురంత తేలిక కాదులే."

అందరూ నవ్వారు. నేను చీపురు గోడకానించి వచ్చాను. తోటలో అలవాటు కొద్దీ చీర మీద మా ఆయన చొక్కా తొడుక్కుని ఉన్నాను. మేడం "జాగ్రత్తమ్మా" అంటూ పక్కన నిలబడింది.

రాడ్డు పట్టుకోగానే నా చేతులకు అది చిక్కం గెడలా అనిపించింది. చివర వల సంచి కట్టిన పొడుగాటి వెదురు అది. పై కొమ్మలకు మగవాళ్లు ఎక్కితే, కింది కొమ్మల కాయలు మేము గెడతో కోసేవాళ్లం. దాన్ని పైకి నెట్టేది కుడి చెయ్యి. ఎడమది ఊరికే దారి చూపిస్తుంది. ఇన్నేళ్లూ నా రెండు చేతులూ పని అలాగే పంచుకున్నాయి. రాడ్డునూ అలాగే నెట్టాను. ఎడమ భుజం కలుక్కుమంది, నడుము ఓ పక్కకు వాలింది, అయినా రాడ్డు తల పైకి వెళ్లింది.

చప్పట్లు కొట్టారు. "అబ్బో! రసాలు తిని పెరిగిన చెయ్యండీ అది" అంది ఒకావిడ. ఆ కోడలే ఫోనులో వీడియో తీసింది, నేనడిగితే మా ఆయన ఫోనుకు పంపింది. నొప్పి మింగుకుని నవ్వాను. నన్ను చూసి ఎవరైనా చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

సాయంత్రానికల్లా ఆ వీడియో టీకొట్టు దగ్గర అందరూ చూశారు. ఎదురింటావిడకూ చూపించాడాయన. మర్నాడు పొద్దున నేను మెట్టు మీద కూర్చుంటే దువ్వెన నా ఒళ్లో పడేశాడు.

"రాడ్డెత్తినదానివి, జడేసుకోలేవటే? ఇన్నాళ్లూ నాచేత ఊరికే చాకిరీ చేయించావు కదే!"

కోపంతో కాదు, సంబరంగా అన్నాడు. నాకు బాగైపోయిందనుకున్నాడు. దువ్వెన తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆయన వెళ్లాక రబ్బరుబ్యాండు పళ్లతో పట్టుకుని, ఒంటి చేత్తో జుట్టు ఎలాగో దూర్చి, కొంగు తలమీదుగా కప్పుకుని పనికి వెళ్లాను.

ఆ రోజు మేడం తనే పిలిచింది. "రామ్మా, అంత బలం ఉన్నదానివి, పద్ధతిగా నేర్చుకుందువుగాని." బెంచీ మీద కూర్చోబెట్టి రెండు చేతులకూ చెరొక చిన్న డంబెల్ ఇచ్చింది. రెండూ కలిపినా నిన్నటి రాడ్డులో సగం ఉండవు.

కుడిది లేచింది. ఎడమది భుజం దగ్గరే ఆగి గడగడా వణికింది. నడుము వంచాను, ఊపిరి బిగబట్టాను. అయినా కదల్లేదు.

"ఏంటమ్మా, ఎడమ చెయ్యి జీతం పెంచమంటోందా?" అంది ఆ కోడలు. మళ్లీ నవ్వులు.

మేడం నవ్వలేదు. కోడలి ఫోను అడిగి తీసుకుని నిన్నటి వీడియో నాకు చూపించింది. నా వెనక అందరూ మూగారు. అందులో రాడ్డు ఒక పక్కకు ఏటవాలుగా ఉంది. కుడి చెయ్యి నిటారుగా ఉంది, ఎడమది రాడ్డు పట్టుకుని వేలాడుతోంది. నా మూతి వంకరపోయి ఉంది. నిన్న అందరం చూసిందీ దీన్నే.

"నిన్న ఎత్తింది నీ కుడి చెయ్యమ్మా. రాడ్డు రెండు చేతుల్నీ కట్టేస్తుంది. గట్టిది లేస్తే లేవలేనిది కూడా దాని వెంట పోతుంది. డంబెల్ అయితే ఏ చేతి బరువు ఆ చెయ్యే మొయ్యాలి."

"అయితే రాడ్డు మంచిది కాదాండీ?" అనడిగారెవరో.

"ఎందుకు కాదండీ? భుజాలు బాగున్నవాళ్లు రాడ్డు మీద ఎక్కువ బరువెత్తొచ్చు, బలం తొందరగా వస్తుంది. నేనూ చేస్తాను. కాకపోతే దానిమీద చేతులు ఎటూ తిరగవు. డంబెల్‌తో అరచెయ్యి లోపలికి తిప్పుకోవచ్చు, మోచెయ్యి కాస్త ముందుకు పెట్టుకోవచ్చు. నొప్పి లేని దారి భుజమే వెతుక్కుంటుంది. బరువు మాత్రం తక్కువే ఎత్తగలం, నిలపడం కష్టం."

యాభై దాటాక నేను రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్న రోజులు గుర్తొచ్చాయి. అందరం కలిసి గట్టిగా చదువుతుంటే నా గొంతూ బాగానే పలికేది. పంతులమ్మ ఒక్కదాన్నే లేపి చదవమన్నప్పుడు పెదవులు అతుక్కుపోయేవి. ఇప్పుడు నా ఎడమ చేతిని అలా ఒంటరిగా లేపి నిలబెట్టినట్టయింది.

డంబెళ్లు కింద పెట్టబోయి వంగితే కొంగు జారింది. సగం జుట్టు రబ్బరుబ్యాండులో, సగం చెవుల మీద. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"తల దువ్వుకోలేకపోతున్నావా అమ్మా?" అంది మేడం, గొంతు తగ్గించి.

తల ఊపాను. డాక్టరుగారు చెప్పిన మాటా అప్పుడే చెప్పాను. పనిలోంచి తీసేయలేదు. పిల్లల బొమ్మలాంటి గులాబీ రంగు డంబెల్ ఒకటి తెచ్చి ఎడమ చేతిలో పెట్టి, నొప్పి మొదలైన చోట ఆపేయమంది.

ఇంట్లో మాత్రం చెప్పలేకపోయాను. కొంగు కప్పుకునే తిరిగాను. ఒక పొద్దున జుట్టు రబ్బరుబ్యాండుకు చుట్టుకుపోయి చిక్కుపడింది. ఆయన కత్తెర తెస్తానని లేచాడు.

"ఆగు. ఆ వీడియో తీసెయ్యి" అన్నాను.

"ఎందుకే? బాగుంది కదా."

ఆయన ఎదుట నిలబడి ఖాళీ చేతులు రెండూ పైకెత్తాను. కుడిది సూటిగా వెళ్లింది, ఎడమది భుజం దగ్గర ఆగిపోయింది. ఆయన ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"మరి రాడ్డు?"

"కుడిదే ఎత్తింది."

"టీకొట్టు దగ్గర అందరికీ చూపించానే" అన్నాడు మెల్లగా. ఇప్పుడు ఆయన నేల చూస్తున్నాడు. నాకు తలదువ్వుతున్నప్పుడు ఎవరేమన్నా నవ్వేసిన మనిషి. వీడియో తీసేశాడో లేదో నేనడగలేదు. కత్తెర లేకుండానే, వేళ్లతో ఒక్కొక్క వెంట్రుకా విడదీస్తూ, లాగకుండా ఆ చిక్కు తీశాడు.

గులాబీ డంబెల్ ఇంకా మారలేదు. రాడ్డు జోలికి పోవడం లేదు. ఎడమ చెయ్యి ఇప్పుడు చెవి పైదాకా వస్తోంది, తల వెనక్కి మాత్రం పోదు. మూడు పాయల్లో ఒకటి ఆయన చెవి పక్కకు తెస్తే అది పట్టుకుంటుంది, తక్కిన రెండూ ఆయనవి. కాసేపటికే చెయ్యి వణికి ఆ పాయ జారిపోతుంది, ఆయన మళ్లీ మొదట్నుంచీ అల్లుతాడు. పొద్దున ఎదురింటి తలుపు చప్పుడైతే చాలు, నా గడ్డం దానంతట అదే గుండె మీదికి వచ్చేస్తుంది.

"తల దించకే, పాపిడి వంకరపోతోంది" అంటాడు.